చివరి గాడి

నల్ల అరలోని రికార్డులకి ఎవరో వరసగా తోకలు తెగ్గోశారు.

లైబ్రేరియన్ టేబుల్ లైటు మెడ వంచి, చేతిలోని రికార్డుని అంచులు పట్టుకుని ఏటవాలుగా తిప్పింది. పైభాగమంతా కొత్త బూటులా నిగనిగలాడుతోంది. మధ్యలో లేబుల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం బూడిద పూసినట్టు ఒక పట్టీ. దాన్ని అట్టలోకి తోసి ఇంకొకటి తీసింది. అదే పట్టీ. మరొకటి తీసింది. అదీ అంతే.

ఆమెకి భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది.

తిరిగొచ్చిన రికార్డుకి రెండు వైపులా మొదట్లో ముల్లు పెట్టి, నాలుగు స్వరాలు విని, బాగుందనుకుని అరలో పెట్టెయ్యడం ఆ సంగీత గ్రంథాలయంలో పద్ధతి. గుమ్మం చూసి ఇల్లు బాగుందన్నట్టు. ఇవాళ ముల్లు ఎత్తబోతుండగా ఫోన్ మోగింది. చేసింది కార్యదర్శి. కార్యదర్శి ఫోన్ చేస్తే మధ్యలో పెట్టెయ్యడానికి ఉండదు. ఆయన లైట్ల వాడకం మీద ఉపన్యాసం ఇస్తుంటే ఇక్కడ రికార్డు చివరిదాకా తిరిగింది. పెద్ద వయొలిన్‌లాంటి సెల్లో గొంతు తగ్గి తగ్గి, ఇక ప్రాణం పోతుందనే చోటికి వచ్చింది. అక్కడ ప్రాణానికి బదులు ఇసక బస్తా ఈడ్చినట్టు గరగర.

నల్ల అర అనేది ఆమె పెట్టిన పేరే. శవయాత్ర నడకలు, మృత్యు ప్రార్థనలు, ఒంటరి సెల్లోలు, గుహలో మోగినట్టుండే ఆర్గన్లు, అన్నీ గోడ మూల ఒకే అరలో ఉంటాయి. రెండేళ్ళుగా దాని మీద దుమ్ము తప్ప ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఈ మధ్య వేసినవాడు ఒక్కడే, లిఫ్టు మెకానిక్. ఆమె అర మొత్తం కిందికి దింపి చూసింది. అతను తీసుకెళ్ళినవన్నీ పాడైపోయాయి. అతను ముట్టనివి కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

ఇంక చెప్పడానికేముంది? మధ్యాహ్నానికల్లా కార్యదర్శి వచ్చి వాలాడు.

"నేనన్నానా? లిఫ్టులు బాగుచేసేవాడికి శోక సంగీతమేంటి? స్క్రూడ్రైవర్‌తో గీకి ఉంటాడు."

"గీకితే గీత అడ్డంగా పడుతుందండీ" అంది లైబ్రేరియన్. "ఇది గాడి వెంబడే అరిగింది. బరువైన ముల్లేదో దీని మీద నడిచింది."

"అదే నేననేది. వాడింట్లో ఏ నాగలి ఉందో ఎవరికి తెలుసు. మాస్టారూ, ఒకసారి ఇలా వచ్చి చూడండి."

వెనక గదిలోంచి ఆమె మామగారు వచ్చారు. ఊరంతటికీ ఆయన మాస్టారు. సంగీతం పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు గ్రంథాలయానికి సలహాదారు. కొత్త సభ్యులు ఏ రికార్డు అడిగినా ముందు ఆయన వెనక గదిలో కూర్చుని మొత్తం విని, సరేనంటేనే బయటికి వెళ్తుంది. ఆ నియమం ఆయనే పెట్టించారు.

మామగారు రికార్డు వైపు ఒక్కసారే చూశారు. మళ్ళీ చూడలేదు.

"కొత్తవాళ్ళకి వెలుగు ముందు, చీకటి తర్వాత. మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, అమ్మాయ్. నువ్వు విన్లేదు."

ఆయన గొంతు హాలంతా నిండింది. చివరి బెంచీకి వినబడేలా మాట్లాడ్డం ఉద్యోగంలో అలవాటైంది. మనిషి రిటైరయ్యారు గానీ గొంతు రిటైరవలేదు.

ఆమెకి అర్థంకానిది ఒకటుంది. ఆ నల్ల అర నింపింది ఒకప్పుడు ఈయనే. పెళ్ళైన కొత్తలో ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చివరి స్వరాలు వినిపించి, ఊపిరి బిగబట్టమన్నదీ ఈయనే. ఇప్పుడు ఎవరొచ్చి ఏమడిగినా ట్రంపెట్లు, డప్పులు, ఊరేగింపు సంగీతం చేతిలో పెడుతున్నారు. మెకానిక్ చీకటిది అడిగిన ప్రతిసారీ వద్దన్నారు. "వినకుండా వద్దంటే ఎలా మామయ్యగారూ, విని చెప్పండి" అని ఆమే రికార్డు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టేది. ఆయన విని, మొహం ముడుచుకుని, "నీ ఇష్టం" అనేవారు.

"శుక్రవారం కమిటీ కూర్చుంటుంది" అన్నాడు కార్యదర్శి. "వాణ్ణి కూడా రమ్మనండి. సభ్యత్వం రద్దు. అంతటితో సరిపోదు. మన లిఫ్టు చూసేది వాడి కంపెనీయే కదా, అక్కడికో ఉత్తరం పడేస్తాను. ఇలాంటివాణ్ణి మా బిల్డింగులోకి పంపొద్దని."

"ఆ ఉత్తరం పడితే ఉద్యోగం పోతుందండీ అతనికి."

"పోనివ్వండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె మొగుడి మీద విసుగంతా దింపింది. "ముందు అతని ప్లేయర్ చూద్దామండీ, తర్వాత మాట్లాడదాం అని మూడుసార్లు చెప్పాను మీ కార్యదర్శికి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

"నా కార్యదర్శి ఎప్పుడయ్యాడు?" అన్నాడు మొగుడు.

ఎదురుగా మామగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పెద్దవాళ్ళని కోడలు అలా అనడం నచ్చలేదు కాబోలనుకుని ఆమె నోరు మూసుకుంది. ఆయన సగం అన్నం వదిలేసి లేచారు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. కాళ్ళు పట్టాకి బాగా తుడుచుకుని, భుజం మీది పనిముట్ల సంచీ గుమ్మం పక్కన దించి, చేతులు ప్యాంటుకి రుద్దుకుంటూ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. గోళ్ళలో గ్రీజు. దాన్ని దాచుకోవడానికి వేళ్ళు మడిచి మాట్లాడతాడు.

"పోయినసారి ఇచ్చింది బాగుంది మేడమ్. కానీ మధ్యలో ఎవరో కిటికీ తెరిచినట్టు కాసేపు వెలుగొచ్చింది. అది లేకపోతే ఇంకా బాగుండు. ఇంకాస్త చీకటిది ఏమైనా ఉందా?"

"ఇంతకన్నా చీకటిదంటే కరెంటు పోవాలి."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. మొదటిసారి ఈ బిల్డింగు లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు హాల్లో మోగుతున్న సెల్లో విని ఇలాగే నిలబడిపోయాడు. "లిఫ్టు గుంతలో నిలబడితే పైనుంచి తీగల మోత ఒకటి వస్తుంది మేడమ్, దిగులుగా. ఇది అచ్చం అదే" అన్నాడు. సభ్యుడైన కొత్తల్లో మామగారు ఇచ్చిన సంబరాల సంగీతం పట్టుకెళ్ళి మర్నాడే తెచ్చేశాడు. "బస్సు తప్పిపోయినవాడిలా పరిగెడుతుంది మేడమ్, వినేవాడికి ఆయాసం" అన్నాడు. అప్పట్నుంచి ఆమే ఎంచి ఇస్తోంది. మొదట తోడు లేని సెల్లో. తర్వాత నాలుగు తంత్రీ వాద్యాలు కలిసి వాయించేదాంట్లో నెమ్మది భాగం. అది నచ్చాక ఆర్గన్. ఆర్గన్ తర్వాత మృత్యు ప్రార్థన, అందులోనూ మగవాళ్ళ గొంతులే ఉన్నది. మెట్టు మెట్టుగా దింపుకుంటూ వచ్చింది. ఇలాంటి వినేవాడు ఆమెకి ఇన్నేళ్ళలో దొరకలేదు. అందుకే ఇప్పుడింత మంట.

"మీ ప్లేయర్ చూడాలి" అంది.

"ఎప్పుడు మేడమ్?"

"ఇప్పుడే. పదండి."

అతని ఇల్లు రెండు వీధుల అవతల, మెట్లెక్కితే ఒకటే గది. మెకానిక్ భార్య కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని జిప్పు ఊడదీస్తోంది. లైబ్రేరియన్ ఎవరో తెలియగానే కత్తెర పక్కన పెట్టింది.

"మీరేనా అక్కా ఆ ఏడుపు పాటలిచ్చేది? పోయిన వారం పైవాటా ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరూ పోలేదండీ, మా ఆయన సరదాగా వింటున్నాడని చెప్పాను. ఇప్పుడు నాకేసి ఇంకా జాలిగా చూస్తోంది."

"నీకెన్నిసార్లు చెప్పాను, అది ఏడుపు కాదని" అన్నాడు మెకానిక్.

"నవ్వని పాటని ఏమంటారు మరి?"

ప్లేయర్ ఇనప పెట్టె మీద ఉంది. మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. లైబ్రేరియన్ గుడ్డ తీసి, సంచీలోంచి భూతద్దం తీసి ముల్లు చూసింది. కొత్తది. కొస గుండ్రంగా, శుభ్రంగా ఉంది. ముల్లు బరువు తూచే చిన్న త్రాసు కూడా తెచ్చుకుంది, ముల్లుని దాని మీద ఆనించింది. ఉండాల్సిన బరువు కన్నా వెంట్రుకంత తక్కువే ఉంది. ఈ ముల్లు వెన్న మీద నడిచినా గీత పడదు.

"ముల్లు ఎప్పుడు మార్చారు?"

"కొన్నప్పుడే మేడమ్. మీ రికార్డులు పాడవుతాయేమోనని మంచిదే వేయించాను. ఏమైంది?"

ఆమె త్రాసు పక్కన పెట్టి అడిగింది. "రికార్డులు చివర్లో ఎలా ఉండేవి?"

"చివర్లోనా?" అతని మొహం వెలిగింది. "అది నాకు భలే నచ్చుతుంది మేడమ్. మనిషి మాట్లాడి మాట్లాడి ఆగిపోతుంటే పైన వాన మొదలవుతుంది చూడండి. రేకు మీద వానలా గరగరమని. ఆ వానలో అతని గొంతు కలిసిపోతుంది. అలా ఎలా వాయిస్తారో నాకు అర్థం కాదు."

లైబ్రేరియన్ చేతిలో భూతద్దం అలాగే ఉండిపోయింది. "మొదటి రికార్డు నుంచీ అంతేనా? మీరు ఇంటికి తెచ్చి మొదటిసారి పెట్టినప్పుడే?"

"అన్నిటికీ అంతే కదా మేడమ్."

"కాదు. ఏ ఒక్కదానికీ అలా ఉండదు. అది వాన కాదు, రికార్డు అరిగిపోయిన చప్పుడు."

అతను భార్య వైపు చూసి, చూపు దించుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఒక్కసారైనా నన్ను అడగొచ్చు కదండీ" అంది ఆమె, విసుగు ఆపుకోలేక.

"ఏమని అడగను? కొత్తగా వచ్చినవాణ్ణి. మీ సంగీతం చివర్లో గరగరమంటోందేంటని అడిగితే నవ్వరా? పెద్దవాళ్ళు వినే సంగీతం, అలాగే ఉంటుందేమోనని నచ్చజెప్పుకున్నా. తర్వాత తర్వాత నిజంగానే నచ్చింది."

"బాగుంది సంబడం" అంది భార్య. "ఇన్నాళ్ళూ చెడిపోయినదాన్ని విని కళ్ళు తుడుచుకున్నాడన్నమాట."

మెట్లు దిగుతూ లైబ్రేరియన్ లెక్క కట్టుకుంది. ఆ రికార్డులు అరలోంచి తీసేటప్పుడు ఆమే తుడిచేది. అప్పుడు బూడిద పట్టీ ఉంటే కనబడకుండా పోదు. ఇతని చేతికి వచ్చేసరికి పట్టీ పడే ఉంది. అరకీ ఇతనికీ మధ్య ఉన్నది ఒకే ఒక బల్ల.

ఆ లెక్క తప్పవ్వాలని దారంతా కోరుకుంది.

వెనక గది తలుపుకి పైభాగంలో గాజు పలక ఉంది. లోపల మామగారు కూర్చుని ఉన్నారు. మెకానిక్‌కి తర్వాత ఇద్దామని సోమవారం ఆమె పెట్టిన రికార్డే తిరుగుతోంది. తలుపు ఇవతల నిలబడ్డ ఆమెకి సంగీతం స్పష్టంగా వినబడుతోంది. వయోలా మీద వయోలా వాలి, ఒకదాని తర్వాత ఒకటి తప్పుకుంటున్నాయి. ఇంకాసేపట్లో ఒక్క సెల్లో మిగులుతుంది. మిగిలింది. అది కూడా మెల్లగా దిగుతోంది.

మామగారు కళ్ళు తెరిచారు. శబ్దం పెంచే బొత్తాం పట్టుకుని తిప్పబోయారు. అది అప్పటికే చివరిదాకా తిరిగి ఉంది. ముందుకు వంగి పెట్టెకి చెవి ఆనించారు. ఆ చెవి తీసి రెండో చెవి ఆనించారు. తర్వాత చొక్కా జేబులోంచి ఒక నాణెం తీసి, ముల్లుండే ప్లేయర్ చెయ్యి మీద పెట్టారు. అది చాలక దాని మీద వేలు కూడా వేసి నొక్కారు. సెల్లో గొంతులో గరగర మొదలైంది. ముల్లు చుట్టూ సన్నటి నల్ల పొడి లేచింది. ఆయన ముల్లు ఎత్తి, మళ్ళీ అదే చోట పెట్టారు. మళ్ళీ నొక్కారు. చివరి బస్సు వెళ్ళిపోయాక స్టాపులో నిలబడ్డ మనిషిలా ఉంది ఆయన మొహం.

ఆమె చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. లోపలికి వెళ్ళి ఆ చెయ్యి లాగెయ్యాలనిపించింది. రికార్డు మీది జాలితోనా, ఆయన మీది జాలితోనా అన్నది ఆమెకే తెలియలేదు. పిడి వదిలేసి కౌంటర్‌కి వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి గ్రంథాలయానికి నడుస్తుంటే, మూల మీద జనం పలచబడ్డాక అడిగింది.

"మామయ్యగారూ, ముల్లు మీద నాణెం ఎందుకు పెడుతున్నారు?"

ఆయన నడక ఆగలేదు. "జారుతోంది. ఆ ప్లేయర్ పాతది."

"జారట్లేదండీ. నిన్న తలుపు దగ్గర నిలబడి చూశాను."

"నీకు తెలీదులే."

"మరి డాక్టర్‌కి చూపిద్దాం. ఈ రోజుల్లో చెవికి పెట్టుకునేవి ఎంత చిన్నవి వస్తున్నాయో."

"ఎవరికి? నాకేమైంది?" దొంగకి తేలు కుట్టినట్టు మొహం బిగించుకున్నారు ఆయన.

"మీకేం కాలేదు, సరే. ఆ అబ్బాయికి అవుతోంది. రేపు కార్యదర్శి ఉత్తరం రాస్తే ఉద్యోగం పోతుంది."

"వాడికి ఇంకోటి దొరుకుతుంది."

ఆ మాటకి ఆమె ఓపిక చివరి పోగు తెగింది. "వాడికి దొరుకుతుంది, మీకు ఇంకో చెవి దొరకదు. అందుకని వాణ్ణి బలిపెడదామా?"

అనేశాక నాలుక కరుచుకుంది. ఇన్నేళ్ళలో ఆయనతో ఇలా మాట్లాడలేదు. ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"రేపు మీరు చెప్పకపోతే నేను చెప్తాను" అంది, ఈసారి మెల్లగా.

ఆయన నడుస్తూనే ఉన్నారు. విన్నారో, వినబడలేదో, వినబడనట్టు నటించారో చెప్పడం ఆమె తరం కాలేదు. అన్నిటికన్నా అదే ఆమెని ఎక్కువ విసిగించింది.

శుక్రవారం సాయంత్రం కమిటీ వాళ్ళు హాల్లో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మధ్యలో పాడైన రికార్డులు అట్టల్లోంచి తీసి పేర్చారు. మామగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. మెకానిక్ పని మీది బట్టలతోనే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

కార్యదర్శి గొంతు సవరించుకుని చదివాడు. గ్రంథాలయ సంపద, బాధ్యతారాహిత్యం, అర్హత లేని చేతులు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీశాడు. "కంపెనీకి ఉత్తరం తయారుగా ఉంది. నువ్వు చెప్పేదేమైనా ఉందా?"

"నేను అతని ప్లేయర్ చూశానండీ" అని లైబ్రేరియన్ మొదలుపెట్టింది. "ముల్లు కొత్తది, బరువు..."

"మీరు ఆగండమ్మా. అతన్ని చెప్పనివ్వండి."

మెకానిక్ వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "నా ప్లేయర్ వల్లే అయ్యుంటుంది సార్."

లైబ్రేరియన్ దిగ్గున అతని వైపు తిరిగింది. "ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"ఊరుకోండి మేడమ్." అతను ఆమె వైపు చూడలేదు. "నాకు తెలీక పాడుచేశాను సార్. కార్డు తీసేసుకోండి. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కను. కంపెనీకి మాత్రం రాయకండి. కుటుంబం ఉంది."

"చూశారా, ఒప్పుకున్నాడు" అన్నాడు కార్యదర్శి. కలం మూత తీశాడు. "ఒప్పుకున్నాడు కాబట్టి ఉత్తరంలో అది కూడా చేర్చాలి."

లైబ్రేరియన్ లేచి నిలబడింది. గొంతు దాకా వచ్చిన మాట పెదవి దాటేలోపల కిటికీ పక్కన కుర్చీ కిర్రుమంది. మామగారు బల్ల దగ్గరికి నడిచి వచ్చారు. పై రికార్డు తీసుకుని వెలుతురుకి పట్టి, బూడిద పట్టీ మీద బొటనవేలు పెట్టారు. ఆయన మాట్లాడినప్పుడు అది చివరి బెంచీకి వినబడే గొంతు కాదు. అంతా ముందుకు వంగాల్సి వచ్చింది.

"కలం మూత పెట్టండి. ఇవి పాడుచేసింది నేను."

"మాస్టారూ, మీరు..."

"మధ్యలో రాకండి, ఆగితే మళ్ళీ చెప్పలేను. రెండేళ్ళయింది, నాకు చిన్న చప్పుళ్ళు పోయాయి. పెద్దవి వినబడతాయి. ట్రంపెట్లు, డప్పులు, మీ అరుపులు. అందుకే ఊళ్ళో అందరికీ అవే వినమని ఇచ్చాను. కొత్తవాళ్ళకి వెలుగు ముందు అని చెప్పానే, అది సంగీతం తెలిసి చెప్పింది కాదు, నాకు వినబడేది అదొక్కటే కాబట్టి చెప్పింది. ఎవరైనా ఆ అర ముట్టుకుంటే, వచ్చి ఆ చివరి గురించి నన్ను అడిగితే ఏం చెప్పాలా అని భయం. నువ్వొచ్చి ఆ అరలోవే అడిగావు, బాబూ. ముందు నేను వినాలని నియమం, నేను పెట్టిందే. కూర్చున్నాను. చివరికొచ్చేసరికి ఏమీ లేదు. ముల్లు ఆనట్లేదేమో అనుకున్నాను, నాణెం పెట్టాను. మొదటిసారి నిజంగానే అలా అనుకున్నాను. రెండోసారి నుంచి తప్పు ముల్లుది కాదని తెలుసు. తెలిసీ నొక్కాను. ఇంకొంచెం నొక్కితే ఒక్క స్వరమైనా నాకు దొరుకుతుందేమోనని నొక్కాను. గాడి అరుగుతుంటే చూస్తూనే ఉన్నాను, కళ్ళకేం రోగం లేదు. మా కోడలు నిన్న నన్ను అడిగింది. కాదన్నాను. నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుందని కూడా అన్నాను, ఈ నోటితోనే. నీ గురించి వీళ్ళు స్క్రూడ్రైవరన్నారు, నాగలన్నారు, అర్హత లేని చేతులన్నారు. అవేమీ చిన్న చప్పుళ్ళు కావు. అన్నీ స్పష్టంగా వినబడ్డాయి నాకు. విని ఊరుకున్నాను."